గ్రీకు పెద్దాయన పూజకు వెళ్ళిన రోజు

ఒకప్పుడు మా ఊళ్ళో నన్ను గ్రీకు పండితుడు అనేవాళ్ళు. ఆ మాట పుట్టించింది నేనే కాబట్టి అది ఎంత దూరం నడిచిందో కూడా నాకే తెలుసు. మలంచా రోడ్డు మీద టీ కొట్టులో బయలుదేరింది. తాల్‌బగీచా దాకా వెళ్ళి, అక్కణ్ణించి రెండు మూడు పెళ్ళిభోజనాల బంతుల మీదుగా తిరిగి మా ఇంటికే వచ్చింది. వచ్చేసరికి ఎంత లావెక్కిందంటే గుమ్మంలో పట్టలేదు. మా నాన్న దాన్ని బయటే ఆపేశాడు.

“ఏట్రా, నీకు గ్రీకు ఒచ్చునంట?”

“కొంచెం కొంచెం నాన్నా.”

“ఏదీ, ఆకలేస్తంది, అన్నం ఎట్టు అని గ్రీకులో సెప్పు.”

నాకు ఆకలిగా లేదన్నాను.

ఖరగ్‌పూర్‌లో రైల్వే కార్ఖానా సైరను వినిపించేంత దగ్గర్లో ఒక గ్రీకు గ్రంథాలయం ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. అప్పుడు అక్కడ ఉన్నవాళ్ళే నమ్మలేదు, వీళ్ళననేం లాభం. ఇది అరవైల నాటి సంగతి. అంతకు ఎంతో ముందు ఒక ఇంగ్లీషు దొర, రైల్వేలో పెద్ద ఇంజనీరు, పగలు ఇంజన్లతోనూ సాయంత్రం గ్రీకు, లాటిన్ పుస్తకాలతోనూ కాపురం చేసేవాడట. పోతూ పోతూ తన బంగళానూ, పుస్తకాలనూ కలకత్తాలోని ఒక విశ్వవిద్యాలయానికి రాసిచ్చాడు. షరతు ఒక్కటే. పుస్తకాలు చూడ్డానికి మనుషులు వస్తున్నన్నాళ్ళూ అవి ఈ ఊళ్ళోనే ఉండాలి. ఎవరూ రాకపోతే కలకత్తా పట్టుకుపోవచ్చు. విశ్వవిద్యాలయం వారు బంగళాకు ‘ప్రాచీన గ్రీసు రోము విద్యల గ్రంథాలయం’ అని బోర్డు కట్టించారు. ఆ బోర్డు పూర్తిగా చదివేలోపు సగంమంది పాఠకులు దాటి వెళ్ళిపోయేవారు. మిగతా సగంమంది ఇంకా పుట్టలేదు.

ఆ గ్రంథాలయానికి సహాయ గ్రంథపాలకుణ్ణి నేను. ఎవరికి సహాయం అని అడక్కండి. అసలు గ్రంథపాలకుడు కలకత్తాలో ఉండేవాడు, నేనున్నానన్న సంగతి ఆయనకు ఏడాదికోసారి గుర్తొచ్చేది. ఉద్యోగానికి వెళ్ళినప్పుడు బల్లకు అవతల కూర్చున్న పెద్దలు నన్ను “గ్రీకు వచ్చునా?” అని అడిగారు. నేర్చుకుంటానన్నాను. “లాటిన్?” అన్నారు. అదీ నేర్చుకుంటానన్నాను. వాళ్ళు కాస్త నిరాశగా ఒకరి మొహాలొకరు చూసుకుని, “చెదపురుగుల సంగతి తెలుసునా?” అన్నారు. మా ఇంటి దూలాల పుణ్యమా అని ఆ శాస్త్రంలో నేను దిట్టను. చెదలు ఎక్కడ పుడతాయి, ఏం తింటాయి, వేపాకు పొగంటే వాటికెంత అసహ్యం, అన్నీ ధారాళంగా చెప్పాను. ఉద్యోగం ఇచ్చేశారు. నా పాండిత్యానికి మూలపురుషులు చెదపురుగులు.

గ్రీకు అక్షరాలు కొన్ని నాకు ముందే పరిచయం. ఆల్ఫా, బీటా, థీటా, పై. స్కూల్లో లెక్కల మాస్టారు వాటి సాయంతోనే నన్ను తన్నేవాడు. అంచేత ఏ గ్రీకు పుస్తకం తెరిచినా నాకు వెన్ను జలదరించేది. పండితులకు కూడా అలాగే జలదరిస్తుందని విన్నాను. కారణాలు వేరు కావచ్చు. ఎలాగో మొత్తం అక్షరమాల కంఠతా పట్టి, మా పంతులుగారు మంత్రం చదివే బాణీలో దాన్ని గుక్క తిప్పుకోకుండా చదవడం సాధన చేశాను. పెళ్ళిపందిట్లో ఎవరైనా పెద్దాయన “ఏదీ బాబూ, ఆ గ్రీకు ఒక ముక్క” అంటే కళ్ళు మూసుకుని అందుకునేవాణ్ణి. ముసలమ్మలు చేతులు జోడించేవారు. ఒకావిడ తన మనవడి జ్వరానికి చదివించుకుంది కూడా. జ్వరం తగ్గింది. ఎన్ని రోజులకని అడిగేటంత అల్పుణ్ణి కాను నేను.

గ్రంథాలయంలో నాకు తోడు ఒకాయనుండేవాడు. పాలరాతి మనిషి. ఛాతీ దాకానే ఉంటాడు, కింద నల్లరాతి దిమ్మ. బొడ్డు దాకా జారబోయి ఛాతీ దగ్గరే పాలరాయి చాలకపోవడం వల్ల ఆగిపోయిన గెడ్డం. ముక్కు కొస విరిగి ఉంటుంది. దొర ఇటలీలో కొని ఓడలో తెచ్చుకున్నాడంటారు. ఎవరి విగ్రహమో ఎక్కడా రాసిలేదు. కవో, రాజో, దేవుడో, ఆ దేశంలో వడ్డీ వ్యాపారం చేసినవాడో. నేను గ్రీకు పెద్దాయన అనేవాణ్ణి. రోజూ పొద్దున్న వెళ్ళగానే ముందు ఆయన గెడ్డంలో దుమ్ము దులిపేవాణ్ణి. ఆ గెడ్డం మెలికల్లో దుమ్ము చేరే వేగం చూస్తే, ఖరగ్‌పూర్ జంక్షన్లో ఆగే బొగ్గు ఇంజన్లన్నీ ఆయనకు నైవేద్యంగానే పొగ వదులుతున్నాయా అనిపించేది. తర్వాత బీరువాలు దులిపి, బల్లలు తుడిచి, ఫాను వేసుకుని ఆయన ఎదురుగా కూర్చునేవాణ్ణి. ఆయన నన్ను చూసేవాడు, నేను ఆయన్ని చూసేవాణ్ణి. కార్ఖానా సైరను మోగితే ఇద్దరం లేచేవాళ్ళం. నేనైతే లేచేవాణ్ణి.

మా నాన్నకు ఈ ఉద్యోగం మొదటినుంచీ నచ్చలేదు. ఆయన కార్ఖానాలో టూల్‌రూమ్ మేస్త్రీ. మా తాత చీపురుపల్లి వైపునుంచి వచ్చి బాయిలర్ షాపులో చేరాడు. ఆ లెక్కన నేను మూడోతరం నూనె మరకని కావలసినవాణ్ణి.

“సెమట పట్టని ఉద్దోగం ఉద్దోగవేట్రా? దుమ్ము దులపడానికి బియ్యే ఎందుకు? మా షాపులో ఖలాసీలు సదువు నేకుండానే దులుపుతన్నారు.”

“అది మామూలు దుమ్ము కాదు నాన్నా. రెండువేల ఏళ్ళ దుమ్ము.”

“అయితే ఇన్నాళ్ళూ ఎవుడూ దులపనేదన్నమాట.”

ఇలా ఉండగా కలకత్తానుంచి కబురొచ్చింది. మన గ్రంథాలయానికి పాఠకులెవరైనా వస్తున్నారో లేదో చూడ్డానికి గ్రీకు ప్రొఫెసరుగారు స్వయంగా వస్తారు, వచ్చే నెలలో వీలైన రోజేదో చెప్పండి, ఎవరూ రావడం లేదని తేలితే పుస్తకాలూ విగ్రహమూ కలకత్తా తరలించి బంగళా మూసేస్తాం అని సారాంశం. నా గురించి అందులో ఒక్క ముక్క లేదు. నన్నెక్కడికీ తరలించనక్కర్లేదని వాళ్ళకు తెలుసు. ఉద్యోగం పోతే నాకు మిగిలే దారి ఒక్కటే. కార్ఖానాలో ఖలాసీగా చేరడం, అదీ మా నాన్న కిందే. ఎవరెవరి దగ్గర కళ్ళు మూసుకుని గ్రీకు చదివానో వాళ్ళందరి నూనెగుడ్డలూ ఉతకడం. వాళ్ళు ఆ ఉత్తరాన్ని గ్రీకులో రాసి ఉంటే బాగుండేది కదా అనుకున్నాను. అర్థమయ్యేది కాదు.

పాఠకుల్ని ఎక్కణ్ణుంచి తేవడం? మా నాన్న కాళ్ళు పట్టుకున్నాను. ఆయన కాసేపు బిగుసుకుని, తర్వాత టూల్‌రూమ్ జనాన్ని అడిగి వచ్చాడు.

“ఒస్తామన్నారు. కాపోతే పని రోజున రానేరు గదా. విశ్వకర్మ పూజ రోజున అయితే మిషన్లు ఆపేస్తాం. పూజయినాక అందరం ఖాళీయే. కొత్త సొక్కాలేసుకుని ఒచ్చి నీ బల్లల కాడ కూకుంటాం. నీ పెపెసరుకి ఆ రోజే రమ్మని రాసీ.”

నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే ప్రొఫెసరుగారికి ఆ రోజే రమ్మని రాశాను, మధ్యాహ్నం వచ్చే హౌరా రైలుకి. రాసి పోస్టు చేసి ఇంటికి వచ్చాక మా నాన్న మిగతా సగం చెప్పాడు.

“మరి ఆళ్ళొక మాటడిగినార్రా. నీ కాడ గెడ్డం ఆయన ఉన్నాడు గదా, ఆ రోజుకి ఆయన్ని మా సెక్షన్‌కి ఇవ్వమన్నారు.”

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో గోడమీది పటాల్లో విశ్వకర్మకు నిండు తెల్లగెడ్డం ఉంటుంది. అనుభవం ఉన్న పనివాడిలా ఉంటాడు. కార్ఖానాలో కుమ్మరిపాడా నుంచి తెచ్చి పెట్టే బెంగాలీ విశ్వకర్మ అలా ఉండడు. ఏనుగు మీద కూర్చున్న నవయువకుడు. నల్లటి మెలికల జుట్టు, కోరమీసం, నునుపు బుగ్గలు, కొత్తగా పెళ్ళయినవాడి నవ్వు. మా ముసలి మేస్త్రీలు ఏళ్ళ తరబడి ఆ విగ్రహానికి దణ్ణం పెడుతూ లోపల గొణుక్కుంటూనే ఉన్నారు.

“ఈ కుర్రోడు ఇస్వకర్మేటి బాబూ? ఈడికి అప్రెంటిసు పని కూడా ఎవుడూ ఇవ్వడు” అనేవాడు మా నాన్న. “లోకాలన్నీ కట్టినోడికి ఒక్క ఎంటిక తెల్లబడనేదా?”

అలాంటివాళ్ళు ఎప్పుడో ఒకరోజు నా గ్రంథాలయం కిటికీలోంచి గ్రీకు పెద్దాయన్ని చూశారు. చూసినవాళ్ళు చూడనివాళ్ళకు చెప్పారు. ఆ గెడ్డం, ఆ నుదురు, ఆ విరిగిన ముక్కు. ముక్కు ఎందుకు విరిగిందో కూడా వాళ్ళే తేల్చేశారు. సుత్తి జారి ఉంటుంది, పనివాడికి మామూలే.

నేను ససేమిరా అనవలసింది. అనలేదు. పొద్దున్న పూజ, పదింటికల్లా విగ్రహం వెనక్కి, మధ్యాహ్నం ప్రొఫెసరు, ఆయన ముందు గదినిండా పాఠకులు. ఇంత చక్కటి ఏర్పాటు రైల్వే టైంటేబుల్లో కూడా ఉండదని మురిసిపోయాను. రైల్వే టైంటేబుల్‌తో పోల్చుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఆరోజు తెల్లారుతూనే టూల్‌రూమ్ వాళ్ళు వచ్చి పెద్దాయన్ని దిమ్మ మీదనుంచి దింపారు. వాళ్ళు ఎత్తిన తీరు చూస్తే ఆయన బరువంతా నా ఊహేనేమో అనిపించింది. రిక్షాలో సీటు మీద కూర్చోబెట్టి, పడిపోకుండా పట్టుకోమని నన్ను పక్కన కుదేశారు. నేను ఆయన భుజం చుట్టూ చెయ్యి వేసి, ఖరగ్‌పూర్ వీధుల్లో రెండువేల ఏళ్ళ పాత స్నేహితుడితో షికారు వెళ్ళినట్టు వెళ్ళాను. దారిలో గాలిపటాలు ఎగరేస్తున్న పిల్లలు కూడా ఆగి చూశారు. ఒక ముసలాయన ఆసుపత్రి అటు కాదు అని దారి చూపించాడు.

కార్ఖానా ఆరోజు కార్ఖానాలా లేదు. గేట్లు బార్లా తెరిచి పెళ్ళాంపిల్లలందరినీ లోపలికి రానిస్తారు కదా, తిరునాళ్ళలా ఉంది. లేతు మిషన్లకు బంతిపూల దండలు, డ్రిల్లింగ్ మిషన్‌కి కుంకుమ బొట్టు, క్రేను కొక్కేనికి మామిడాకులు. సుత్తులూ రెంచీలూ స్నానం చేసి వరసగా పడుకుని ఉన్నాయి. ఆరోజు వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. మావాళ్ళు గ్రీకు పెద్దాయన్ని టూల్‌రూమ్‌లో పీటమీద పెట్టి, నూనె రాసి, నుదుట కుంకుమ దిద్ది, మెడలో గజమాల వేసి, ముందు ఒక ఫోర్జింగ్ సుత్తి నిలబెట్టారు. నిజం చెప్పొద్దూ, ఆయన మొహంలో నేను అంతకుముందెప్పుడూ చూడని కళ వచ్చింది. నాతో ఉన్నప్పుడెప్పుడూ అలా లేడు.

పంతులుగారు మాత్రం రాలేదు. ఊళ్ళో ఉన్న తెలుగు పంతులుగారు ఆయనొక్కరే, తెలుగు సెక్షన్లు బోలెడు. ఆయన ఒక్కో షాపూ ముగించుకుంటూ, ఒక్కో షాపులోనూ పులిహోర రుచి చూసుకుంటూ వస్తున్నారు. పది దాటింది. పదకొండు దాటింది. నేను మా నాన్న చెవిలో గొణిగాను.

“నాన్నా, రైలు ఒచ్చేస్తాది.”

“నువ్వు టేషనుకెళ్ళి ఆయన్ని కాసేపు ఆపు. మేం ఈలోగా పూజ సేసేసి తెచ్చేస్తాం. మన జనం కూడా ఎనకాలే ఒచ్చేస్తారు.”

స్టేషన్‌కి పరిగెత్తాను. ప్రొఫెసరుగారు దిగారు. సన్నటి బెంగాలీ పెద్దమనిషి, తెల్లటి ధోవతి, చేతిలో నల్లగొడుగు. కళ్ళజోడు ఎంత మందమంటే దానివెనక ఆయన కళ్ళు వేరే ఊళ్ళో ఉన్నట్టుండేవి. ఆయన్ని ఆపడానికి మా ఊళ్ళో ఉన్న సాధనం ఒక్కటే, ప్లాట్‌ఫారం. “ఇంత పొడుగు ప్లాట్‌ఫారం ఇంకెక్కడా లేదు సార్, చూడకుండా వెళ్తే ఖరగ్‌పూర్ వచ్చినట్టే కాదు” అని ఆ కొసనుంచి ఈ కొసదాకా నడిపించాను. కొస చేరాక, ఇటునుంచి చూస్తే వేరుగా ఉంటుందని మళ్ళీ వెనక్కి నడిపించాను. దారిలో ఆయన ఒకటి రెండుసార్లు తన నున్నటి గెడ్డం తడుముకున్నారు. మా ప్లాట్‌ఫారం మీద బయలుదేరినప్పుడు నున్నగా గీసుకున్నవాడికి కొస చేరేసరికి గెడ్డం మొలుస్తుంది మరి.

“నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక్కసారి వచ్చాను ఇక్కడికి,” అన్నారు ప్రొఫెసరుగారు, చెమట తుడుచుకుంటూ. “ఆ విగ్రహం ఇంకా గుర్తుంది. మూసెయ్యడం నాకూ ఇష్టం లేదు. కానీ ఒక్క పాఠకుడైనా కనిపించకపోతే నేనేం రాయను? ముందు ఆయన్ని చూద్దాం పదండి.”

రిక్షాలో వస్తున్నంతసేపూ గ్రంథాలయం ముందు చెప్పుల గుట్ట కనిపిస్తుందని కళ్ళు చించుకు చూశాను. ఒక్క చెప్పు లేదు. తలుపు తీశాను. గదినిండా ఖాళీ. పాఠకులు పూజ దగ్గరే ఉన్నారు. దేవుడు ఎక్కడుంటే జనం అక్కడుంటారన్న చిన్న సంగతి నా ఏర్పాటులో చేర్చలేదు. నల్లరాతి దిమ్మ మీద, పెద్దాయన ఉండవలసిన చోట, దుమ్ములో చతురస్రం ఆకారం మాత్రం మిగిలింది.

ప్రొఫెసరుగారు దిమ్మ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. “ఏరీ?”

నా నోట్లోంచి ఊడిపడ్డ జవాబు ఇప్పటికీ నన్ను నిద్రలో లేపుతుంది. “పూజకు వెళ్ళారు సార్.”

 ఆయన గొడుగు తీసుకుని, “చొలూన్” అన్నారు. పదండి అని.

టూల్‌రూమ్‌కి మేం చేరేసరికి పంతులుగారు పూజ మంచి పట్టులో నడిపిస్తున్నారు. నేను జనంలోంచి దూరి ఆయన పక్కకు చేరాను.

“పంతులుగారూ, ఆయన్ని వెంటనే తీసుకెళ్ళాలి.”

“ఎక్కడికీ? ఆవాహన అయిపోయిందయ్యా. దేవుడొచ్చి కూర్చున్నాడు. రిక్షా వచ్చిందని లేవమంటావా?”

ఇంతలో పక్క సెక్షను బెంగాలీ చార్జ్‌మన్ కలగజేసుకున్నాడు. ఆయన మావాళ్ళందరికీ దాదా. మంచివాడు, గొంతు మాత్రం స్టీమ్ హామర్. “ఆజ్ పూజో, కాల్ బిసర్జన్. రేపు మా ఠాకూర్‌తో పాటు మీ ఠాకూర్, మీ గెడ్డం దేవుడు కూడా కాసాయి నదికి. లారీలో చోటు ఉంది.”

నదిలో నిమజ్జనం! “దాదా, ఇది పాలరాయి!”

“తో కీ, అయితే ఏమిటి? ఠాకూర్ కదా. ఠాకూర్ అయినాక నీళ్ళలోకి వెళ్ళాల్సిందే.”

“మీ మట్టి బొమ్మయితే కరిగిపోద్ది దాదా,” అన్నాడు మా నాన్న. “ఈయన మునిగిపోతాడు.”

“మునగడానికే కదా తీసుకెళ్ళేది!”

తెలుగువాళ్ళు ఒక పక్కా బెంగాలీలు ఒక పక్కా చేరి గ్రీసు దేశపు పెద్దమనిషి అంత్యగతి గురించి వాదించుకోవడం మొదలుపెట్టారు. నా ఉద్యోగం ఆ వాదన మధ్య, లారీకీ రిక్షాకీ నడుమ, నిలబడి ఉంది. నేను ప్రొఫెసరుగారి వైపు తిరగడానికి ధైర్యం చాలక ఆయన గొడుగు వైపు చూశాను. గొడుగు వణుకుతోంది. కోపం అనుకున్నాను. తలెత్తితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.

“దండ, నూనె, ధూపం,” అన్నారు నెమ్మదిగా, నాతో కాదు, గెడ్డంతో. “ఆ తర్వాత అందరూ కలిసి తినడం. ఆయన దేశంలో ఆయనలాంటివాళ్ళకు ఇవన్నీ చేసేవాళ్ళని నా జీవితమంతా పాఠం చెప్పాను. పూజలు చూస్తూ పెరిగినవాణ్ణే, కానీ ఈ ముఖానికి దండ వెయ్యగా చూస్తానని అనుకోలేదు.” అని, వెంటనే గొంతు మార్చి, “నదికి మాత్రం పంపకండి. నాకు పెన్షన్ రాదు” అన్నారు.

అప్పుడు పంతులుగారు గంట కొట్టారు. వాదన ఆగింది.

“ఏటి మీ గోల? ఇది తెలుగు పూజ. మనకి నిమజ్జనం లేదు, ఉద్వాసన ఉంది. యథాస్థానం ప్రవేశయామి అని చెప్పి కదుపుతాం. యథాస్థానం అంటే ఎవరి చోటికి వాళ్ళు. వినాయకుడైతే కైలాసం. ఈయన చోటెక్కడ?”

అందరూ నావైపు చూశారు.

“లైబ్రరీ” అన్నాను.

“మరింకేం. లైబ్రరీకే.” దాదా లారీలో చోటు వృథా అవుతున్నందుకు బాధపడి, “ఠీక్ హై” అన్నాడు. నేను గుండెల మీద చెయ్యి వేసుకున్నాను. తీసే లోపల పంతులుగారు నా చెయ్యి పట్టుకున్నారు.

“బాబూ, ఒక్క సంకటం. రమ్మన్నప్పుడు సంస్కృతంలో పిలిచాను. వచ్చాడో మొహమాటానికి కూర్చున్నాడో తెలీదు. వెళ్ళమనేటప్పుడైనా ఆయన భాషలో చెప్తే మర్యాద. నీకు గ్రీకు వచ్చు కదా, నువ్వు చదువు.”

“సదువు బాబూ, సదువు” అన్నారు మేస్త్రీలు. పెళ్ళిపందిళ్ళలో నన్ను విన్న ముసలమ్మలంతా ఎప్పుడో చేతులు జోడించేశారు. మా నాన్న నావైపు చూశాడు. ఆకలేస్తోంది అన్నం పెట్టు అని గ్రీకులో చెప్పమన్న రోజు ఎలా చూశాడో అలాగే చూశాడు. వీళ్ళందరి వెనక, భారతదేశంలో గ్రీకు తెలిసిన ఏ నలుగురైదుగురో ఉంటే వాళ్ళలో ఒకాయన, గొడుగు చంకలో పెట్టుకుని శ్రద్ధగా చెవి ఒగ్గాడు.

పారిపోవడానికి చోటు చూశాను. అన్నివైపులా దండలు వేసిన మిషన్లే. కళ్ళు మూసుకున్నాను. “ఆల్ఫా బీటా గామా డెల్టా” అని ఉదాత్త స్వరంలో అందుకుని, “థీటా”ను దీర్ఘం తీసి, “లామ్డా” దగ్గర గమకం వేసి, ఊపిరి బిగపట్టి “ఒమేగా” దాకా వచ్చి, అలవాటు కొద్దీ “స్వాహా” కూడా అన్నాను. పంతులుగారు సంతృప్తిగా పెద్దాయన్ని ఒక బెత్తెడు ఉత్తరానికి జరిపారు. జనం గోవిందా అన్నారు.

ప్రొఫెసరుగారు నా దగ్గరకొచ్చి చెవిలో అన్నారు. “ఒక అక్షరం వదిలేశారు.”

తిరుగు ప్రయాణం రిక్షాలో కాదు. ముందు డప్పులు, వెనక మేస్త్రీలు, ఖలాసీలు, వాళ్ళ కుటుంబాలు, పులిహోర గంగాళం, చూడ్డానికి వచ్చిన దాదా, అతని సెక్షను. ఆ ఊరేగింపు తల గ్రంథాలయం చేరేసరికి తోక ఇంకా కార్ఖానాలోనే చెప్పులు వెతుక్కుంటోంది. పెద్దాయన్ని దిమ్మ మీద, దుమ్ము చతురస్రంలో సరిగ్గా దింపారు. అప్పుడు మా నాన్నకు తన మాట గుర్తొచ్చింది.

“ఒరే, కుర్రాడికి మాటిచ్చినాం. అందరూ కూకోండి.”

అందరూ పొడుగు బల్లల చుట్టూ కూర్చున్నారు. కుర్చీలు చాలక కిటికీల్లో కూర్చున్నారు. నేను పరుగున బీరువాలు తెరిచి ఒక్కొక్కరి ముందూ ఒక్కో పుస్తకం పెట్టాను. ఎవరూ తెరవలేదు. కొత్త చొక్కాల్లో, కుంకుమ బొట్లతో, చేతులు ఒళ్ళో పెట్టుకుని పుస్తకాల వైపు భక్తిగా చూస్తూ కూర్చున్నారు.

“తెరవండి,” అని బతిమాలాను గుసగుసగా.

“తెరవకూడదురా,” అన్నాడు మా నాన్న అంతకంటే గుసగుసగా, అంటే వీధిలోకి వినబడేలా. “నీ పనిముట్లు గదా ఇవి. ఈయేళ పనిముట్లు ముట్టకూడదు.”

అయిపోయింది అనుకున్నాను. నూనెగుడ్డలు కళ్ళముందు ఆరేసినట్టు కనబడ్డాయి. ప్రొఫెసరుగారు పులిహోర ఆకు చేత్తో పట్టుకుని గది ఈ చివర్నించి ఆ చివరకు నడిచారు. పూర్తిచేసి, మళ్ళీ వేయించుకుని, ఇంకోసారి నడిచారు. తర్వాత నా బల్ల దగ్గర కూర్చుని నివేదిక రాసి, చదివి వినిపించారు. “గది పాఠకులతో కిక్కిరిసి ఉన్నది. నిలబడుటకు చోటు లేదు. ఖరగ్‌పూర్ ప్రజలు ఈ పుస్తకములను చూచినంత గౌరవముగా నేను కలకత్తాలో ఎవరినీ చూడలేదు. గ్రంథాలయమును మూయరాదు.”

“అంతా నిజమే కదా?” అన్నారు.

“నిజమే సార్.”

“అయితే వచ్చే ఏడాది కూడా నిజం అయ్యేలా చూడండి. ఈ కుంకుమ కడగకండి. ఆ అక్షరం నేర్చుకోండి.”

ఆ తర్వాత ఏటా విశ్వకర్మ పూజకు పెద్దాయన వెళ్ళేవాడు, వచ్చేవాడు, వెనక జనం వచ్చి కూర్చునేవారు, ఏటా కలకత్తాకు నిజమే రాసేవాళ్ళం. నన్ను గ్రీకు పండితుడు అనడం జనం మానేశారు. గెడ్డం దేవుడి పూజారి అనేవాళ్ళు. పరీక్షలకు ముందు కొబ్బరికాయలు తెచ్చేవాళ్ళు, పుస్తకాల గదిలో కొట్టకూడదంటే మెట్లమీద కొట్టేవాళ్ళు. గ్రీకు విద్యకు ఇంత ఆదరణ ఇంకెక్కడైనా ఉండేదని నేననుకోను.

మా నాన్న రిటైరయ్యాక మధ్యాహ్నాలు వచ్చి పెద్దాయన ఎదురుగా నా కుర్చీలో కూర్చునేవాడు, ఫాను కోసం. ఒకరోజు చాలాసేపు ఆ గెడ్డం చూసి అడిగాడు.

“ఇంతకీ ఈయనెవురో, ఏటి పని సేసేవోడో తెలిసిందేట్రా?”

“నేదు నాన్నా.”

“మరి ఇన్నేళ్ళూ ఏటి సేసినావురా ఇక్కడ?”

“దుమ్ము దులిపినాను.”

ఆయన లేచి, గెడ్డం మెలికల్లో వేలు పెట్టి తిప్పి, వేలు వెలుతురుకు ఎత్తి చూసుకున్నాడు. టూల్‌రూమ్‌లో కొలత గేజీని చూసేటట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

“బాగానే దులిపినావు” అన్నాడు.

నా ఉద్యోగం గురించి ఆయన అన్న మంచిమాట అదొక్కటే. ఆ సాయంత్రమే దాన్ని మలంచా టీ కొట్టుకు తీసుకెళ్ళాను. అది తాల్‌బగీచా చేరేసరికి, మా నాన్న నా గ్రీకు మెచ్చుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట.